‘సెక్రటరీ’ నుంచి సి.ఇ.ఓ. దాకా

చైనా ప్రేమ నవలలు చదివే ఆడపిల్లల్ని చూసి నవ్వడం మన కాలేజీలో ఒక ఫ్యాషనైపోయింది. లైబ్రరీ మెట్ల మీద ఎవరైనా ఫోన్లో తలదూర్చి కూర్చుంటే చాలు, “ఏం తల్లీ, మీ సి.ఇ.ఓ. గారి కోపం తగ్గిందా?” అని పలకరించే మహానుభావులు బోలెడంత మంది. లెక్చరర్లు మనలాగా నవ్వరు. “పాఠ్యపుస్తకం కూడా ఇంత శ్రద్ధగా చదివితే...” అని వాక్యాన్ని సగంలో వదిలేస్తారు. ఆ మిగతా సగం గురించి నేను వాదించబోవడం లేదు. చదివినవాళ్ళు చదివి ఏమనుకుంటున్నారని ఒక్కరైనా అడగరేం? అదీ నా బాధ.

‘రియాక్షన్’ అనగానే మా బి.ఎస్సీ. వాళ్ళకి గుర్తొచ్చేది పరీక్షనాళిక. ద్రావణం రంగు మారితే రికార్డులో రాస్తాం. మారకపోతే అదీ రాస్తాం. చూడకుండానే “ఏమీ జరగలేదు” అని రాస్తే ల్యాబులో ఊరుకుంటారా? మరి నవల చదివిన మనిషి లోపల ఏం జరిగిందో చూడకుండానే ‘కాలక్షేపం’ అని రాసిపారేస్తున్నాం కదా!

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇవి షాపులో కొనుక్కునే పుస్తకాలు కావు. చైనాలో 2002లో మొదలైన ‘చీదియెన్’, 2003లో మొదలైన ‘జిన్‌జియాంగ్’ లాంటి సంస్థలు ఇంటర్నెట్‌లో రోజుకో అధ్యాయం చొప్పున వేసే నవలలు. మొదటి కొన్ని అధ్యాయాలు ఉచితం. కథ రుచి మరిగాక డబ్బు కట్టాలి. రచయితకి అక్షరాల లెక్కన ముడుతుంది గనక కథ ఎంత సాగితే అంత లాభం. వెయ్యి, పదిహేను వందల అధ్యాయాలున్న నవలలు అక్కడ మామూలు సంగతి. వీటిని ఇంగ్లీషులో పెట్టే పని మొదట అభిమానులే సరదాకి చేసేవారు. 2014లో ‘వుషియావరల్డ్’ అలాగే పుట్టింది. 2017లో చీదియెన్ యజమానులే ‘వెబ్‌నవల్’ అని ఇంగ్లీషు దుకాణం తెరిచారు. కొన్ని నవలలు టీవీ సీరియళ్ళుగా కూడా వచ్చాయి. తోంగ్ హువా అనే రచయిత్రి ఇంటర్నెట్‌లో రాసిన ‘బుబు జింగ్‌షిన్’ 2011లో చైనా సీరియలైంది, 2016లో కొరియా వాళ్ళు కూడా తీశారు. మా హాస్టల్లో సగం మంది ఆ కొరియా సీరియల్ చూసి, ఏడ్చి, ‘అసలు కథ ఎక్కడుంది’ అని వెతుక్కుంటూ చైనా దాకా వెళ్ళినవాళ్ళే.

పీర్జాదిగూడలో రెండు సందులకో లేడీస్ హాస్టలుంది. బోడుప్పల్, మేడిపల్లి వైపు కూడా అంతే. వరంగల్ రోడ్డు మీద బస్సులో కూర్చుంటే ఉప్పల్ రింగురోడ్డు చేరేలోగా రెండు అధ్యాయాలవుతాయి. ట్రాఫిక్ జామైతే నాలుగు! ఎక్కువగా నడిచేవి మూడు రకాలు. ఒకటి, కోట్లకు పడగలెత్తిన కంపెనీ అధిపతి, అతని దగ్గర ఉద్యోగానికొచ్చిన బీదింటి పిల్ల, వాళ్ళ ఒప్పందపు పెళ్ళి. రెండు, మొగుడి చేతిలోనో సవతి చెల్లెలి చేతిలోనో చచ్చిపోయిన అమ్మాయి పదేళ్ళు వెనక్కి వెళ్ళి, జరిగినదంతా గుర్తుండగానే బతుకు మళ్ళీ మొదలుపెట్టడం. మూడు, దేవలోకం వాళ్ళు శిక్షపడో పరీక్ష కోసమో భూమ్మీద పుట్టి ప్రేమలో పడడం. ఈ మూడోదాన్ని ఇంగ్లీషువాళ్ళకి వివరించడానికి పెద్ద పెద్ద పీఠికలు కావాలి. మనకి అక్కర్లేదు. శాపవశాన భూలోకంలో పుట్టిన గంధర్వుల్ని మనం చందమామ వయసు నుంచీ ఎరుగుదుం. జన్మజన్మల ప్రేమ అంటారా, ‘మూగమనసులు’ 1964లోనే వచ్చింది.

మొదటి రకం సంగతి ఇంకా చిత్రం. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ 1960ల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. ఆస్తిపరుడైన రాజశేఖరం, అతని దగ్గర సెక్రటరీగా చేరిన అభిమానవతి జయంతి. చైనావాళ్ళు ‘దబాయించే సి.ఇ.ఓ.’ అనే అర్థంలో ఒక తరగతికే పేరు పెట్టుకుని వేలకొద్దీ నవలలు రాస్తున్నారే, ఆ మూస మన ఇళ్ళల్లో అరవై ఏళ్ళ కిందటే ఉంది. అప్పుడు కూడా నవ్వారు. ‘ఆరడుగుల అందగాడు, పడవంత కారు’ అని వేళాకోళం చేశారు. ‘వంటింటి సాహిత్యం’ అన్నారు. అన్నవాళ్ళలో ఎంతమంది ఆ సీరియల్ని భార్య కన్నా ముందు చదివి పత్రిక మడిచి పెట్టేవారో ఎవరికెరుక! రచయిత్రుల పేర్లకున్న గిరాకీ చూసి మగ రచయితలే ఆడవాళ్ళ పేర్లు పెట్టుకుని రాసిన రోజులట అవి.

ఆ కాలపు పాఠకులకి చెప్పుకోవడానికి చోటు తక్కువ. పత్రికలో ‘లేఖలు’ శీర్షిక కింద నాలుగు వాక్యాలు, అదీ సంపాదకుడు దయతలిస్తే. మిగతా చర్చంతా బావి దగ్గర, అద్దె పుస్తకాల షాపులో, సినిమా హాలు క్యూలో. అక్కడే గాలిలో కలిసిపోయింది. విమర్శకుల మాటలు మాత్రం పుస్తకాలకెక్కాయి. అందుకే ఈవాళ మనకి ఆ నవలల మీద విమర్శకులేమన్నారో తెలుసు గాని, వాటిని చదివిన లక్షల మంది ఆడవాళ్ళు ఏమన్నారో తెలీదు. రాజశేఖరాన్ని వాళ్ళంతా మెచ్చుకున్నారనే మనం అనుకుంటాం. ఏమో, ఎవరు చూశారు?

ఈ అనుమానం నాకు ఊరికే రాలేదు. మా రూములో నలుగురం. ఖమ్మం అమ్మాయి సి.ఇ.ఓ. నవలలు మాత్రమే చదువుతుంది. హీరో హీరోయిన్ చెయ్యి గట్టిగా పట్టుకుని గోడకి అదిమితే ఇంగ్లీషులో ఎవరో ‘ఆహా ఓహో’ అని రాశారు. ఈమె మాత్రం మంచం మీంచి లేచి, “వీడి మీద షీ టీమ్స్‌కి కంప్లైంట్ ఇస్తే గాని బుద్ధి రాదు” అంది. షీ టీమ్స్ 2014లో హైదరాబాదులో పెట్టారు. ఉప్పల్ బస్టాండులో ఎన్నిసార్లు ఆ బోర్డు చూశామో! ఆ బోర్డు కింద నించుని బస్సు కోసం ఎదురుచూసే పిల్ల షాంఘై కోటీశ్వరుణ్ణి చదివితే చదువు అలాగే ఉంటుంది. మరి నవల మానేసిందా? లేదు. మూడొందల అధ్యాయాలు తిడుతూనే చదివింది. తిట్టడం కోసమే చదివిందని నా ఉద్దేశం. జనగామ అమ్మాయికి రెండో హీరో కావాలి ఎప్పుడూ. మర్యాదగా మాట్లాడి, గొడుగు పట్టి, చివరికి ఒంటరిగా మిగిలిపోయే ఆ మంచివాడి తరఫున ఆమె వకాల్తా పుచ్చుకుంటే రాత్రి పన్నెండింటికి వార్డెన్ అక్క వచ్చి తలుపు కొట్టాల్సిందే.

నవలలన్నీ గొప్పవని నేననడం లేదు సుమా. చాలా భాగం నాసిరకం. వందలో తేలాల్సిన కథని వెయ్యికి లాగుతారు. కిడ్నాపు, కారు ప్రమాదం, మతిమరుపు, మళ్ళీ కిడ్నాపు! పైగా మంచి పట్టులో ఆపి ‘కాయిన్లు కొనుక్కో’ అంటారు. మన వారపత్రికలు కూడా సరిగ్గా తలుపు చప్పుడయినప్పుడే ‘సశేషం’ అని పెట్టేవి, కాదనను. కానీ వారం ఓపిక పడితే వచ్చే సంచిక పక్కింట్లోనైనా దొరికేది. ఇక్కడ ఓపిక పట్టడానికి కూడా ధర కట్టారు. మెస్ డబ్బుల్లోంచి కాయిన్లు కొని, నెలాఖరున ‘నాకు ఆకలి లేదు’ అన్నవాళ్ళని చూశాను. నవ్వాలంటే ఆ అమ్మకాన్ని చూసి నవ్వండి, కోప్పడాలంటే దాన్ని చూసి కోప్పడండి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న దానికి వస్తాను. నిరుడు దసరా సెలవులకి ఇంటికి వెళ్ళాను. మాది నల్గొండ జిల్లా, పత్తి పండించే ఇల్లు. సెలవులంటే మాకు పత్తి ఏరడమే. మా చిన్నత్త పదో తరగతి దాకా చదివింది. పత్రికల్లోంచి పేజీలు చింపి, మైదాపిండి జిగురుతో అట్టలేసి కుట్టుకున్న సీరియళ్ళు ఆమె ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. ఆమె ఊరుకోదు గదా, “ఆ ఫోన్ల ఏం జదువుతున్నవే, మాకు సుత చెప్పు” అంది. చేన్లో చిన్నత్త, కూలికొచ్చిన ఆడవాళ్ళు ఆరుగురు. వరసల వెంట ఏరుకుంటూ పోతూ నేను కథ చెప్పాలి. చదవడం కాదు, చెప్పడం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అక్కడికక్కడ మా ఊరి మాటల్లో పెట్టడం. నాలుగు రోజులు చెప్పాను. ఆ నాలుగు రోజుల్లో నేను విన్న విమర్శ మన తెలుగు డిపార్ట్‌మెంటు సెమినార్లో కూడా విన్లేదు. (తెలుగు లెక్చరర్లు క్షమింతురు గాక.)

ఈ నవలల్లో ఒక ఘట్టం తప్పకుండా ఉంటుంది. హీరో తల్లి హీరోయిన్‌ని హోటలుకి పిలిపించి, బల్ల మీద చెక్కు పెట్టి, ‘నా కొడుకుని వదిలిపెట్టి పో’ అంటుంది. నేను చెప్పిన కథలో అది 50 లక్షల యువాన్లు. మన లెక్కలో దాదాపు 6 కోట్ల రూపాయలు. హీరోయిన్ చెక్కు చింపి ముఖాన కొట్టి వెళ్ళిపోతుంది. ఇంగ్లీషు పాఠకులు అక్కడ చప్పట్లు కొడతారు. మా చేన్లో ఒక్కరు కూడా కొట్టలేదు.

“ఆరు కోట్లా! చింపుడెందుకే పిచ్చిది?”

“తీస్కోని, పిల్లగాన్ని సుత చేస్కోవాలె. ఎవలు జూడొచ్చిన్రు?”

“గట్ల కాదొదినా, మాటిచ్చినంక తప్పొద్దు. పైసల్ తీస్కొని ఆమెనే ఒక కంపిని పెట్టాలె. అప్పుడు ఆ ముసల్ది వచ్చి అడుగుతది, మా కొడుకును చేస్కోమని.”

ఆత్మాభిమానం అంటే చెక్కు చింపడమేనా? కూలి డబ్బు కిలో లెక్కన తూచి పుచ్చుకునే మనిషికి ఆత్మాభిమానం ఇంకో రకంగా ఉంటుందని ఆ రచయిత్రికి ఎవరు చెప్పాలి? మాటన్నాక మాటే అన్న రెండో ఆమెని గమనించండి. నీతి ఆమెకీ ఉంది. లెక్కా ఉంది.

హీరో మంచుగడ్డ. నవ్వడు, మాట్లాడడు, కళ్ళతోనే చంపేస్తాడు. అది గొప్ప ఆకర్షణ అని నవల ఉద్దేశం. ఒక పెద్దావిడ పత్తి సంచి దించి, “మాట్లాడని మొగోనికి ఇంత కథనా? మా ఆయన ముప్పై ఏండ్ల సంది మాట్లాడడు. ఆని మీద ఎవలు రాయరు” అంది. చేనంతా నవ్వు. చెప్పొద్దూ, ఆ తర్వాత నేను ఏ మంచుగడ్డ హీరోని చదివినా ఆవిడ ఇంటాయనే కనిపిస్తున్నాడు.

మూడో రోజు రెండో రకం కథ ఎత్తుకున్నాను. హీరోయిన్ చచ్చిపోయి కళ్ళు తెరిస్తే పదేళ్ళ కిందటి ఉదయం. అన్నీ గుర్తున్నాయి. ఇప్పుడు ఎవరిని నమ్మకూడదో తెలుసు. ఇక్కడ నవ్వుల్లేవు. చాలా సేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చిన్నత్త కన్నా చిన్నామె, ముగ్గురు పిల్లల తల్లి, “నేనైతె ఆ మూడో బోరు వెయ్యనీయకపోదు” అంది, పత్తి ఏరుతూనే. రెండు బోర్లు ఎండిపోయాక అప్పు చేసి వేసిన మూడోదాంట్లో కూడా దుమ్మే లేచింది వాళ్ళకి. భూమి పోయింది. ఇప్పుడు మా చేన్లో కూలికొస్తోంది. ఇంకొకామె “నేను పెద్దదాని సదువు ఆపకపోదు” అంది. ఒక్కొక్కరు చెప్పుకుంటూ పోయారు. సవతి చెల్లెలి మీద పగ సాధించడం అనే మాటే ఎవరికీ గుర్తురాలేదు.

‘మళ్ళీ పుట్టే కథలు పాతబడిపోయాయి, విసుగు’ అని ఇంగ్లీషులో పాఠకులు రాస్తుంటారు. కావచ్చు. మా చేన్లో అది పాతబడలేదు. ఒక నాసిరకం నవల ఆ పని చేయగలిగింది. ఎలా చేసింది? వాళ్ళ మాటల్లో వాళ్ళకి అందింది గనక. అదే నవలని ఇంగ్లీషులో ఫోన్లో పెట్టి చేతికిస్తే ఆ మూడో బోరు మాట బయటికొచ్చేదా?

ఇక్కడే మన పాత సంగతి ఒకటి గుర్తు చేయాలి. శరత్‌బాబు బెంగాలీవాడు. అయినా ఆయన తెలుగువాడేననుకుని చదివినవాళ్ళు ఉండేవారని పెద్దలు చెబుతారు. 1917లో అచ్చయిన ఆయన ‘దేవదాసు’ 1953లో మనకి సినిమా అయింది. ‘తోడికోడళ్ళు’ 1957లో, ‘బాటసారి’ 1961లో వచ్చాయి. ఇవన్నీ ఆయన కథలే. ఆ కథలు తెలుగు ఇళ్ళల్లోకి వాటంతటవి నడిచి రాలేదు. చక్రపాణిగారు, ఆ ‘చందమామ’, ‘యువ’ పత్రికల చక్రపాణిగారే, క్షయవ్యాధితో మదనపల్లె శానిటోరియంలో పడి ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకున్నారు. నేర్చుకుని శరత్తుని నేరుగా తెలుగులోకి తెచ్చారు. బొందలపాటి శివరామకృష్ణగారు దేశి కవితామండలి పెట్టి శరత్ సాహిత్యాన్ని సంపుటాలుగా వేశారు. రష్యన్ నవలల కోసం ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కోలోనే కూర్చుని పనిచేశారు. ఒక మనిషి కూర్చుని, ఒక భాష నేర్చుకుని, ‘ఈ మాటకి మా అమ్మ ఏమంటుంది’ అని ఆలోచించి రాస్తే, అప్పుడు మన ఆడవాళ్ళు పార్వతిని తమ ఇంటి పిల్లలాగా చూసి ఏడ్చారు, తిట్టారు, వాదించారు.

మరి చైనా నవలలు మనకెలా వస్తున్నాయి? చైనీసు నుంచి ఇంగ్లీషుకి చాలావరకు యంత్రం మారుస్తోంది. యంత్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, సైన్సు విద్యార్థిని గదా. కానీ చైనీసు వాక్యంలో కర్తని తరచుగా వదిలేస్తారు. యంత్రం ఊహించి ‘అతడు’, ‘ఆమె’ అని పెడుతుంది. దాంతో ఒకే పేరాలో హీరోయిన్ రెండుసార్లు మగవాడై మళ్ళీ ఆడదవుతుంది. అసూయపడడాన్ని చైనావాళ్ళు ‘వెనిగర్ తాగడం’ అంటారు. ఇంగ్లీషులో అది అలాగే దిగబడింది. మా రూములో ఇప్పుడు అదే వాడుక: “దానికేమైంది?” “వెనిగర్ తాగుతోంది.” బాగానే ఉంది. చేన్లో మాత్రం అది చెల్లదు. అక్కడ ‘కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నది’ అనాలి.

ఇంగ్లీషు మనకీ చైనాకీ మధ్య నిలబడి మింగేసేది ఇంకొకటుంది, వరసలు. ఇంగ్లీషువాడికి కజిన్ అంటే కజినే. 18వ శతాబ్దంలో త్సావ్ ష్యూచిన్ రాసిన ‘ఎర్రమేడ కల’ చైనావాళ్ళ ప్రేమకథలన్నిటికీ తల్లివేరు లాంటిది. ఈనాటి ఇంటర్నెట్ రచయిత్రులు కూడా తిరిగి తిరిగి దాని దగ్గరికే వెళతారు. అందులో బావ్‌యూ అనే కుర్రవాడికి ఇద్దరమ్మాయిలు. దైయూ, బావ్‌చాయ్. ఇంగ్లీషులో ఇద్దరూ కజిన్లే. దైయూ ఎవరు? బావ్‌యూ తండ్రికి చెల్లెలి కూతురు. అంటే మేనత్త కూతురు, సాక్షాత్తూ మరదలు! వాళ్ళిద్దరూ ప్రేమించుకుంటే అమెరికా పాఠకుడు ఉలిక్కిపడతాడేమో గాని, మనకి అంతకంటే సహజమైన సంబంధం లేదు. బావ్‌చాయ్ ఎవరు? బావ్‌యూ తల్లి తోడబుట్టిన ఆవిడ కూతురు. మన వరసలో అక్క. కథ చివర ఇంటి పెద్దలు మోసం చేసి బావ్‌యూకి కట్టబెట్టేది ఈ బావ్‌చాయ్‌నే. మరదలు దైయూ ప్రాణాలు విడుస్తుంది. తెలుగులో ఈ కథ వరసలతో సహా చెప్పి చూడండి. చైనా పాఠకుడికి అది విషాదం. మన పాఠకురాలికి విషాదంతో పాటు ఘోరమైన అపచారం కూడా. “మరదల్ని పెట్టుకోని అక్కను చేసుడేంది!” అని చేను చేనంతా అరుస్తుంది. అంటే అదే నవల తెలుగులో ఇంకో నవల అవుతుంది. ఈ రియాక్షన్ ప్రపంచంలో ఇంకే పాఠకుల దగ్గరా ఇంత గట్టిగా పుట్టదేమో. ఇంగ్లీషు గుండా వస్తే అది మనలో కూడా పుట్టదు. మధ్యలోనే చచ్చిపోతుంది.

పాఠకుల మాటలకి అంత విలువేమిటని అడిగేవారికి ఆ ‘ఎర్రమేడ కల’ చరిత్రే జవాబు. ఆ నవల అచ్చుకాక ముందు, చేతిరాత ప్రతుల కాలంలో, ‘చీయెన్‌జాయ్’ అనే మారుపేరుతో ఎవరో ఒకరు దాని అంచుల్లో, వరుసల మధ్య ఎర్ర సిరాతో తమకి తోచింది రాసుకుంటూ పోయారు. ఇక్కడ ఏడ్చాను, ఇది నిజంగా జరిగింది, ఇలా రాయొద్దు, ఈ ధోరణిలో. ఆయనెవరో, ఆవిడెవరో ఈనాటికీ తేల్లేదు. పండితులు ఇప్పుడు మూలాన్ని ఎంత శ్రద్ధగా చదువుతారో ఆ ఎర్ర సిరా రాతల్నీ అంత శ్రద్ధగా చదువుతారు. 19వ శతాబ్దంలో దైయూ గొప్పదా బావ్‌చాయ్ గొప్పదా అని ఇద్దరు మిత్రులు వాదించుకుని చేయిచేసుకోబోయారని కూడా చైనావాళ్ళు చెప్పుకుంటారు. మా జనగామ అమ్మాయిని వార్డెన్ అక్క తిట్టినప్పుడు నేను ఈ ముక్కే చెప్పి ఓదార్చాను.

భాష రాకుండా అనువాదమెలా అంటారా? దానికీ చైనాలోనే దాఖలా ఉంది. లిన్ షూ అనే పండితుడికి ఒక్క విదేశీ భాష కూడా రాదు. ఫ్రెంచి వచ్చిన మిత్రుడు వాంగ్ షౌచాంగ్ పక్కన కూర్చుని డ్యూమా కొడుకు రాసిన ‘కమీలియా పూల దొరసాని’ కథ నోటితో చెబుతుంటే ఈయన వింటూ చైనీసులో రాశాడు. 1899లో అచ్చయితే చైనా చదువరులు కన్నీరు మున్నీరయ్యారు. ఒకరికి భాష వచ్చు, ఒకరికి రాయడం వచ్చు. ఇద్దరు మనుషులు చాలు.

ఆ ఒకరు మనకి దొరకరా? పీర్జాదిగూడ నుంచి బస్సెక్కి ఉప్పల్లో దిగి మెట్రో ఎక్కండి. స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ, ఆ తర్వాతి స్టేషన్ తార్నాక. అక్కడికి దగ్గర్లోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చైనీసు నేర్పుతారు. మన హాస్టల్ పిల్లలు చైనా నవలని అమెరికా చుట్టూ తిప్పి యంత్రం చేతిలో పెట్టి చదువుకుంటుంటే, చైనీసు నేరుగా వచ్చినవాళ్ళు నాలుగు స్టేషన్ల దూరంలో ఉన్నారు. మన స్టూడెంట్స్ యూనియన్ ఏటా డిబేటింగ్ పోటీలకి బయటి కాలేజీల వాళ్ళని పిలుస్తుంది, మంచిదే. ఈసారి ఆ విశ్వవిద్యాలయంలో చైనీసు చదివేవాళ్ళని ఇద్దరు ముగ్గురిని పిలిచి, మన తెలుగు బి.ఏ. పిల్లల పక్కన కూర్చోబెట్టి, ఒకే ఒక్క అధ్యాయం తెలుగు చేయించి చూడరాదూ? వెయ్యి అధ్యాయాల జోలికి వద్దు. మంచి రచయిత్రిది ఒక అధ్యాయం. దాన్ని వచ్చే సంవత్సరం ఈ సావనీర్లోనే వేయండి. చదివినవాళ్ళేమన్నారో కింద వేయండి. మా చిన్నత్త దగ్గరికి ప్రతి నేను తీసుకెళతాను.

పని సులువని మాత్రం అనుకోకండి. చేన్లో కథ చెప్పిన ఆ నాలుగు రోజుల నుంచీ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను, ఏ మాటకి ఏ మాట వేశానో రాసుకోవడానికి. సి.ఇ.ఓ.కి ‘సేటు’ అన్నాను. హీరోయిన్ అతన్ని ‘మీరు’ అనడం మాని ‘నువ్వు’ అన్న చోటు ఇంగ్లీషులో కనబడదు. నా అంతట నేను 87వ అధ్యాయంలో పెట్టాను. చిన్నత్త “ఇప్పుడు కుదిరింది” అంది. దేవలోకం కథల్లో ఒక మాట దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. ఒకే గురువు దగ్గర తనకన్నా ముందు చేరిన శిష్యుణ్ణి హీరోయిన్ ‘షిషియోంగ్’ అంటుంది. ఇంగ్లీషువాడు దాన్ని ‘సీనియర్ బ్రదర్’ చేశాడు. పుస్తకం సగానికొచ్చేసరికి ఆమె అతన్నే పెళ్ళాడుతుంది. ‘అన్న’ అంటే మా చేన్లో కథ అక్కడికక్కడే ఆపేస్తారు. ‘బావ’ అంటే మొదటి పేజీలోనే గుట్టు బయటపడుతుంది. ‘సహాధ్యాయి’ అంటే పరీక్ష పేపరు వాసన. నోటుబుక్కులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఎవరికైనా తోస్తే థర్డ్ బి.ఎస్సీ. గదిలో నాకు చెప్పండి.